మత్తడి కింద పల్లేరుకాయలు

ఈమధ్య మా డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన ఇద్దరు లెక్చరర్లు తార్నాకలో మా ఫ్లాట్‌కి వచ్చారు. ప్రకృతిలోని నిర్మాణాలను చూసి ఇంజనీరింగ్ సమస్యలకు దారులు వెతికే పేపరు ఒకటి వాళ్లకు అప్పగించారట. రిటైరయ్యేదాకా అది చెప్పింది నేనే కాబట్టి, నా నోట్సు పట్టుకుపోదామని వచ్చారు. నోట్సు లేవంటే నమ్మలేదు. దాచుకుంటున్నాననుకున్నారు కాబోలు, కాఫీ తాగుతున్నంతసేపూ బీరువా వంకే చూశారు. నిజంగానే లేవు. ఎలా చెప్పానో, చెప్పబోయి ఎక్కడ ఇరుక్కున్నామో రాసిస్తానని మాటిచ్చి పంపాను.

నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఏ కమిటీలో కూర్చున్నాను అన్నవి ఇందులో ఉండవు. అవి రాస్తే ముందు నాకే నిద్రొస్తుంది. నా గురించి తెలియాల్సింది ఒక్కటే. మాది గోదావరి జిల్లా. సివిల్ ఇంజనీరింగ్‌లో నీళ్ల సబ్జెక్టు చదివి, ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయాను.

ఒంటికి తగిలినదే తెండి

పేపరు మొదలుపెట్టిన ఏడు, ప్రకృతి నుంచి ఏం నేర్చుకోవచ్చో ఆలోచించి రమ్మంటే క్లాసు మొత్తం ఇంటర్నెట్‌లోని బొమ్మలు పట్టుకొచ్చింది. సొరచేప చర్మం, తామరాకు, ఎక్కడో మంచుదేశపు ఎలుగుబంటి వెంట్రుక. అన్నీ ఎవరో ఎప్పుడో చేసేసినవే.

"మీలో సొరచేపను చూసినవాళ్లెవరు?" అని అడిగాను.

"సినిమాల చూసిన మేడం" అన్నాడొకడు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ రోజే ఒక నియమం పెట్టాను. మీ ఒంటికి తగిలినదే తేవాలి. గుచ్చుకున్నదో, అంటుకున్నదో, దురద పుట్టించిందో, జారిపడేసిందో. బొమ్మ చూపిస్తే కుదరదు, వస్తువు నా బల్ల మీదికి రావాలి.

ఆ తర్వాత నా బల్ల చూడాల్సింది. చేమాకులు, తుమ్మబంక, ఈతముళ్లు, జిల్లేడు దూది. ఫ్లాట్లలో పుట్టి పెరిగిన ఒకడు, దోమ తప్ప నన్నేదీ ముట్టుకోలేదు మేడమ్ అని మూతి ముడుచుకున్నాడు. సరే, దోమనే తెమ్మన్నాను. కుట్టేటప్పుడు మనకు ఎందుకు తెలియదో వెతుక్కుంటూ పోయి, చివరికి సన్నగా వణుకుతూ మట్టిలోకి సులువుగా దిగే గొట్టం ఒకటి తయారుచేశాడు. పునాదుల కోసం మట్టి నమూనాలు తీయడానికి అది బాగానే పనికొచ్చింది.

ఈ నియమం వల్ల ఇంకో మేలు జరిగింది. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లీషుకు భయపడి వెనక బెంచీల్లో నక్కి కూర్చునేవాళ్లు. ఈ క్లాసులో వాళ్లు ముందుకొచ్చారు. మిగతావాళ్లు వాళ్లను అడిగి తెలుసుకునే రోజు వచ్చింది. మీరు పేపరులో ఏం మార్చినా ఈ నియమం మాత్రం మార్చకండి.

మేకగిట్టల చెప్పులు

తప్పులు ఎక్కడ జరుగుతాయో చెబుతాను. ఒక జట్టు మేకగిట్టను చూసి, తడి బండల మీద జారని చెప్పులు చేస్తామన్నారు. గట్టి రబ్బరుతో గిట్ట ఆకారం అచ్చుగుద్దినట్టు దించారు. వాన వెలిసిన పూట, క్యాంపస్‌లో మా బ్లాకు వెనక బండల మీద పరీక్ష పెట్టారు. వాటిని తొడుక్కున్న కుర్రాడు పైకెక్కడం ఎక్కాడు, అక్కడి నుంచి కూర్చున్న భంగిమలో కిందికి వచ్చేశాడు. మా హెడ్‌గారు కిటికీలోంచి చూసి, "మేడమ్, ఈ సంగతి మేకలకు తెలియనివ్వకండి" అన్నారు.

తర్వాత ఒక నిజం మేకను పట్టుకుని, దాని కాలు అందరి చేతా తడిమించాను. గిట్ట అంచు గట్టిగా ఉంది, లోపల మెత్తగా ఉంది, రెండు వేళ్లూ దేనికది విడిగా కదులుతున్నాయి. పిల్లలు ఆకారం తీసుకున్నారు, కారణం వదిలేశారు. ఈ పేపరులో పదింట ఎనిమిది ప్రాజెక్టులు ఇక్కడే కూలబడతాయి. వాళ్లను పడనివ్వండి. కాకపోతే బండ చిన్నదై ఉండేలా చూసుకోండి.

హెడ్‌గారి గురించి కూడా చెప్పాలి. మా వైపు మనిషే. చదువులో దిట్ట, మనసు మంచిది, భయం మాత్రం జాస్తి. డిపార్ట్‌మెంట్ పేరు పేపర్లో పడకుండా రిటైరైతే చాలు దేవుడా అని పైకే అనేవారు. ఆయన్ను తప్పుపట్టను. ఇంటి బాధ్యతలు నెత్తిన ఉన్న మనిషికి భయం సహజం. కానీ పిల్లలకు కష్టం వచ్చినప్పుడు ఆయన ఫోను కింద పెట్టేసేవారు.

మూడు కాళ్ల మీద నిలబడేది

ఇక అసలు సంగతి. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. మా క్యాంపస్ గేటు దగ్గర ముళ్లకంచె, పోలీసు వ్యాన్లు. హాస్టళ్ల వైపు నుంచి నినాదాలు. ఎక్కడో బాష్పవాయువు వదిలితే మా ల్యాబ్‌లో కళ్లు మండేవి. తడిగుడ్డలు మొహానికి అడ్డం పెట్టుకుని రీడింగులు రాసుకున్న రోజులున్నాయి.

నేను రాష్ట్రం విడిపోవడం వద్దనుకున్న దాన్ని. ఇక్కడే ఉద్యోగం, ఇక్కడే పెళ్లి, ఇక్కడే పిల్లలు, ఇప్పుడు నన్ను పరాయిదాన్ని అంటారా అన్న ఉక్రోషం ఉండేది. అయితే క్లాసులో ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. మార్కులు నా చేతిలో ఉండగా నా అభిప్రాయం పిల్లల మీద రుద్దడం న్యాయం కాదనుకునేదాన్ని. ఇంట్లో మాత్రం టీవీ ముందు కూర్చుని మావారితో గంటలకొద్దీ వాదించేదాన్ని.

ఆ ఏడు ఫైనలియర్‌లో స్టెల్లా, మల్లేశం ఒక జట్టు. స్టెల్లా వాళ్లది నల్గొండ జిల్లాలో పల్లె, పని కోసం కుటుంబమంతా గోల్నాకకు వచ్చేసింది. మల్లేశంది జనగామ దగ్గర ఊరు, హాస్టల్లో ఉండేవాడు. పొద్దున దీక్షా శిబిరంలో కూర్చునేవాడు, మధ్యాహ్నం ల్యాబ్‌కి వచ్చేవాడు. "నినాదాలయ్యాయా? ఇక నీళ్లు వదులు" అని ఆటపట్టించేదాన్ని. "అయినయి మేడం, గొంతు పోయింది, చేతులున్నయి" అనేవాడు.

స్టెల్లా ఊరెళ్లి వచ్చి, ఎండిన పల్లేరుకాయ ఒకటి నా బల్ల మీద పెట్టింది. చర్చికి పోయే అడ్డదారిలో చెప్పు తెగితే కాల్లో దిగిందట.

"ఎట్ల ఏసినా ఒక ముల్లు పైకే ఉంటది. జూడున్రి" అని మళ్లీ మళ్లీ వేసి చూపించింది.

"ఎందుకలా?"

"మనల్ని సతాయించనీకి" అన్నాడు మల్లేశం.

"ఊరు దాటనీకి మేడం" అంది స్టెల్లా. "దానికి కాళ్లు లేవు గద. మన కాలికి గుచ్చుకుంటే మనమే మోసుకపోతం."

మల్లేశం ఆ కాయను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. వాళ్ల ఊరి చెరువుకు మత్తడి ఉంది. చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే కట్టడాన్ని వాళ్లు మత్తడి అంటారు, మా వైపు కళింగ అంటాం. పెద్ద వాన వచ్చినప్పుడల్లా నీళ్లు దూకే చోట రాళ్లు కొట్టుకుపోయి గుంత పడుతోంది. ఆ గుంత ఏటేటా వెనక్కి తినుకుంటూ పోతే ఏదో ఒక రోజు మత్తడే కూలుతుంది. దాని కింద వాళ్ల పొలం ఉంది.

"రాయి దొర్లుతది మేడం. గిది దొర్లదు. మూడు కాళ్ల మీద నిలవడ్తది, నాలుగోది పక్కదాన్ని పట్టుకుంటది. గిసొంటివి కాంక్రీటుతోటి పోసి పరిస్తే?"

రేవుల్లో అలలను ఆపడానికి నాలుగు కాళ్ల భారీ దిమ్మెలు వాడతారని, విశాఖ ఒడ్డున నేను చూశానని చెప్పాను. మల్లేశం మొహం వాడిపోయింది.

"సముద్రానికి ఉన్నయి, మా చెరువుకు లెవ్వు గద" అంది స్టెల్లా.

అది నిజం. ఊరివాళ్లే అచ్చుల్లో పోసుకుని, ఇద్దరు పట్టుకుని మోసుకెళ్లగలిగేంత చిన్నవి ఎవరూ చేసినట్టు నాకు తెలియదు. పైగా మేకగిట్టల జట్టు చేయని పని వీళ్లు చేశారు, కారణం ముందు అడిగారు. మొక్క ఊరు దాటడానికి చేసుకున్న ఆకారంతో, ఉన్నచోటు వదలని వస్తువు చేద్దామనుకున్నారు. కానివ్వండి అన్నాను.

మా ల్యాబ్‌లో అద్దాల గోడలున్న పొడవాటి కాలువ ఉంది. అందులో ఇసుక పోసి, నీళ్లు వదిలి, చిన్న నమూనాలు పరిచి చూస్తాం. సిమెంటుతో అంత చిన్నవి పోస్తే కాళ్లు విరిగాయి. ప్లాస్టిక్‌వి నీళ్లలో తేలిపోయాయి. చివరికి ముషీరాబాద్‌లో ఒక వెల్డింగ్ దుకాణంలో పొడవాటి మేకులు నాలుగు వైపులకూ అతికించి, ఒక గోనెసంచి నిండా పల్లేరుకాయలు చేయించుకొచ్చారు. కాలువలో పరిస్తే ఒక్కటీ కదల్లేదు. ఇద్దరూ ఎగిరి గంతేశారు.

నేను ఒప్పుకోలేదు. "మీ మేకుల మొనలు ఇసుకలో దిగబడ్డాయి, అందుకు కదల్లేదు. కాంక్రీటుకు మొనలుంటాయా? ఇనుము బరువు ఎక్కువ, అది లెక్కలో సరిచేసుకోవచ్చు. మొనలు మాత్రం కోయించుకు రండి. నమూనా మనకు నచ్చేలా అబద్ధం చెప్పకూడదు" అన్నాను. మల్లేశం గొణుక్కుంటూ సంచి భుజాన వేసుకున్నాడు.

సంచి

ఆ మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటుండగా మా తలుపు దబదబా మోగింది. తీస్తే స్టెల్లా. చెమటతో తడిసిపోయి ఉంది.

"మేడం, మల్లేశంను పట్టుకపోయిన్రు. తార్నాక చౌరస్తాల సంచి ఇప్పి చూసిన్రు."

ఏం జరిగిందో నాకు అప్పుడు వెలిగింది. రోడ్లన్నీ దిగ్బంధం చేస్తామని పిలుపు ఉన్న వారం అది. ఎటు పడేసినా ఒక మొన పైకి నిలబడే మేకులు, సంచి నిండా, శిబిరంలో కూర్చునే విద్యార్థి భుజాన. బండ్ల టైర్లు కోయడానికని ఎవరైనా అనుకుంటారు. మాకు ఆ ఆలోచనే రాలేదు. నెలల తరబడి ఆ ఆకారాన్ని కాలువలోనే చూసీ చూసీ, రోడ్డు మీద అదెలా కనిపిస్తుందో మరిచిపోయాం.

"కేసు పెడితే వానికి సర్కారు నౌకరీ రాదు మేడం. ఆ ఇంట్ల సదువుకున్నది వాడొక్కడే" అని ఏడ్చింది స్టెల్లా.

హెడ్‌గారికి ఫోన్ చేశాను. "మీరు వెళ్లకండి మేడమ్. మనం ఆంధ్రావాళ్లం. అటు పోలీసులూ తిడతారు, ఇటు పిల్లలూ తిడతారు. డిపార్ట్‌మెంట్‌కి సంబంధం లేదని ఊరుకుందాం" అన్నారు. సంబంధం ఉందండీ, ఆ మేకులు మనవే అన్నాను. ఫోను పెట్టేశారు. తింటున్న కంచం అలాగే వదిలి, స్టెల్లాతో స్టేషనుకు నడిచాను. బంద్ వల్ల ఆటోలు లేవు.

ఇన్‌స్పెక్టర్ మర్యాదగానే కూర్చోమన్నాడు. మల్లేశం గోడవారగా బల్ల మీద ఉన్నాడు. చొక్కా భుజం దగ్గర చిరిగింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"మీ స్టూడెంటా మేడం?" అని ఇన్‌స్పెక్టర్ సంచిలోంచి ఒకటి తీసి టేబుల్ మీద వేశాడు. అది ఒక మొన పైకెత్తి నిలబడింది. మళ్లీ వేశాడు. మళ్లీ నిలబడింది. "గిది ఏంది?"

"అదే మా ప్రాజెక్టు" అన్నాను. క్లాసులో చప్పట్లు కొట్టించిన సంగతే ఇక్కడ నేరానికి రుజువై కూర్చుంది. మత్తడి, గుంత, అద్దాల కాలువ, అన్నీ చెప్పుకొచ్చాను. మొనలు కోయించమన్నది నేనేనని, కావాలంటే చూడండని సంచిలో చెయ్యి పెట్టి కొన్ని మొండివి తీశాను. ఆయన అదే సంచిలోంచి మొనలున్నవి తీశాడు.

"సగమే కోసిన్రెందుకు?"

"దుకాణం బంద్ జేయించిన్రు సార్" అన్నాడు మల్లేశం.

"ఎవరు?"

"మావోళ్లే."

కానిస్టేబుల్ ఒకాయన నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. "మేడం, ఇయ్యాల రేపు రోడ్ల మీద ఏమైతదో అని మేం పరేషాన్‌ల ఉన్నం. గిసొంటి టైంల గిసొంటి సంచి దొరికితే నేనేమనుకోవాలె?" అన్నాడు. ఆయన కుర్చీలో నేనున్నా అదే అనుకునేదాన్ని.

కాసేపు ఆలోచించి ఒక దారి చూపించాడు. తనకు ఉద్యమంతో ఏ సంబంధమూ లేదని మల్లేశం రాసివ్వాలి. నేను కింద సంతకం పెట్టాలి. పంపించేస్తాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కాగితం, పెన్ను తీసి మల్లేశం ముందు పెట్టాను.

"నేను రాయ మేడం."

"రాసెయ్యి నాయనా. నాలుగు ముక్కలు. ఇంటికి పోదాం."

"నేను ఉద్యమంల ఉన్న. మా ఊరంత ఎర్క. గివి మాత్రం మత్తడి కోసం చేసినయి. రెండూ నిజమే. ఒకటి నిలవెట్టుకోనీకి ఇంకొకటి అబద్ధమంటే మా నాయన మొఖం ఎట్ల జూడాలె?"

"కేసైతది బిడ్డా" అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఆ మాట అనడం ఆయనకూ ఇష్టం లేనట్టే.

మల్లేశం తల దించుకున్నాడు కానీ పెన్ను ముట్టలేదు. స్టెల్లా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాడి మీద నాకు ఒళ్లు మండింది. ఆ వెంటనే, వాడు చెప్పిందే న్యాయమనీ తెలిసింది. నేనే ఆ కాగితం నా ముందుకు లాక్కున్నాను.

"నేను రాస్తానండీ. ఈ అబ్బాయి ఉద్యమంలో ఉన్నాడు, నిజం. నేను లేను. నేను ఆంధ్రా దాన్ని, తెలంగాణ రావద్దని కోరుకునే దాన్ని. వీళ్ల బంద్‌లంటే నాకు ఒళ్లు మంట. వీళ్లు రోడ్ల మీద మేకులు చల్లేవాళ్లయితే మీకంటే ముందు నేనే పట్టించేదాన్ని. అలాంటి నేను చెబుతున్నాను, ఇవి చెరువు కోసం చేసినవి. రేపు అబద్ధమని తేలితే కేసు నా మీద పెట్టండి."

ఇన్‌స్పెక్టర్ నా వంక చూశాడు, వాడి వంక చూశాడు. "తెలంగాణ వద్దంటున్నరు. మరి వీని కోసం ఎందుకొచ్చిన్రు?"

"నా స్టూడెంటు కాబట్టి."

నేను ఆ మాటలే రాసి సంతకం పెట్టి ఇస్తే రెండుసార్లు చదువుకున్నాడు. "మొనలున్నయి గీడనే ఉంటయి. మొండియి తీస్కపోండి" అన్నాడు. కానిస్టేబుల్ వాటిని నేల మీద పోసి ఏరడం మొదలుపెట్టాడు. మేమూ కూర్చుని ఏరాం.

నడిచిన దారి

కొత్త లెక్చరర్లు ఇది చదివి, మేడమ్ భలే పని చేశారు అనుకుంటారేమో. ఆ రోజు స్టేషన్ మెట్లు దిగుతున్నప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. వాడు ఇప్పుడు దండం పెడతాడు, నేను వద్దులే అంటాను అని మనసులో సిద్ధమయ్యాను కూడా.

రోడ్డు ఖాళీగా ఉంది, షట్టర్లన్నీ మూసి ఉన్నాయి. సగమైన సంచి భుజాన వేసుకుని మల్లేశం ముందు నడుస్తున్నాడు. స్టెల్లా మా ఇద్దరి మధ్య నడుస్తోంది. తార్నాక చౌరస్తా దాటాం.

"ఆకలేస్తోందా?" అని అడిగాను.

"లేదు మేడం." కొంతదూరం పోయాక ఆగాడు. "మీరు మా దిక్కే అనుకున్న. రోజూ అడిగేటోళ్లు గద, నినాదాలయినయా అని. పోలీసోళ్ల ముందట తెలంగాణ వద్దు అన్నరు. మస్తు బాధైంది."

"నిన్ను విడిపించడానికి అబద్ధం చెప్పాననుకున్నావా?"

"అట్లనుకుంటే బాధెందుకైతది? నిజం జెప్పిన్రు. గందుకే."

స్టెల్లా "ఊకో మల్లేశం" అంది. వాడికి బాధ కలగకుండా వాడిని విడిపించే మాట ఇంకేదైనా ఉందా అని అప్పుడే కాదు, తర్వాత కూడా చాలాసార్లు వెతుక్కున్నాను. దొరకలేదు. మా ఇంటి గేటు దగ్గర వాడు "వస్త మేడం" అని మాత్రం అని క్యాంపస్ వైపు వెళ్లిపోయాడు. లోపలికొచ్చి తలుపేసుకున్నాక ఏడుపొచ్చింది. మావారు కంచం మీద మూత తీసి, తిను అన్నారు. తినలేకపోయాను.

వాడు ఇక నా ల్యాబ్‌కి రాడనే అనుకున్నాను. వేరే గైడు కింద చేస్తానని అడిగితే ఒప్పుకుందామని కూడా నిర్ణయించుకున్నాను. మర్నాడు కూడా బంద్. అయినా మధ్యాహ్నం వెళ్లి చూద్దామని బయల్దేరాను. ల్యాబ్ మెట్ల మీద స్టెల్లా, మల్లేశం సంచి పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నారు. వాడి మెడలో శిబిరంలో వేసుకున్న కండువా అలాగే ఉంది.

నేను తాళం తీశాను. ఇద్దరూ లోపలికొచ్చి కాలువలో ఇసుక సదిరి, ఉన్న కాయలతో సగం దూరం పరిచారు. మల్లేశం అద్దం దగ్గర వంగి కూర్చుని, నా వైపు తిరగకుండానే నీళ్లు వదలమని చెయ్యి ఊపాడు.

నేను వదిలాను.